నలభై ఒకటో కవరు

అలా కాదు మనవరాలా, ముందు పోయిన వారం సంగతి రాయి. అది చదవనివాళ్ళు కూడా ఉంటారు కదా. ఎక్కడ ఆపాం మనం? మాత్రలావిడ మెట్ల మీద నిలబడి ఉంది. కోటు జేబులో కవరుంది. పై అంతస్తులో తనిఖీ మొదలైంది. అంతే కదా? సరే, రాసుకో. నేను ఊపిరి తీసుకోడానికి ఆగితే ఆ సందులో నీ మాటలు దూర్చకు.

మాత్రలావిడంటే ఆ మందుల పరిశోధన భవనంలో ఎనిమిది నెలలుగా వెనక మాత్రల గదిలో పనిచేస్తున్న మనిషి. అక్కడ ఒక కొత్త మాత్రని పరీక్షిస్తున్నారు. తాగుడు మానలేక, దాంతోపాటు మనసు కుంగిపోయి మంచం దిగలేనివాళ్ళ కోసం తయారుచేసిన మాత్ర. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, మిగతా సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరికి ఏది పడిందో మింగేవాడికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. తెలిస్తే మనసు మోసం చేస్తుందట. మందు పడిందని తెలిసినవాడు ఊరికే కులాసాగా ఉందంటాడట. అందుకని మనిషికో నంబరు, నంబరుకో అంటించిన కవరు. లోపల చీటీ. ప్రాణం మీదికొస్తే తప్ప ఆ కవరు చించకూడదు.

నలభై ఒకటో నంబరు ఆవిడ తమ్ముడిది.

తమ్ముడు లిఫ్టులు బాగుచేసేవాడు. ఎంత ఎత్తు మేడలోనైనా తాడు పట్టుకుని వేలాడేవాడు గానీ, ఇంట్లో మంచం దిగడం మాత్రం వాడి వల్ల అయ్యేది కాదు. కళ్ళు తెరవగానే గ్లాసు కోసం తడుముకునేవాడు. అక్క పోరగా పోరగా వెళ్ళి ఆ పరిశోధనలో చేరాడు. నాలుగు నెలలు గడిచాక, తగ్గుతుందనుకున్నది కాస్తా ముదిరింది. తిండి లేదు, నిద్ర లేదు, పలకరిస్తే గోడ వంక చూస్తాడు. అక్క పెద్ద డాక్టరుకి ఫోన్ చేసి బతిమాలింది. "ఆ కవరు తెరిచి చూడండి బాబూ. వాడికి ఉత్త మాత్ర పడిందేమో. అదే అయితే అసలు మందు ఇప్పించండి" అంది. "ఒక్క కవరు తెరిస్తే మా శ్రమంతా వృథా అవుతుందమ్మా. కాస్త ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు. అక్క ఓపిక పట్టింది. తొమ్మిదో రోజున తమ్ముడు తన ప్రాణం తనే తీసుకున్నాడు.

ఆ తర్వాత ఆవిడ మెట్టినింటి పేరు చెప్పుకుని అదే భవనంలో పనికి చేరింది. ఎవరూ పోల్చుకోలేదు. ఒకరోజు ఫైళ్ళు సర్దుతుంటే నలభై ఒకటో నంబరు పక్కన డాక్టరు చేతిరాత కనబడింది. "తనంతట తాను మానుకున్నాడు." పోయాడని కాదు. మానుకున్నాడని! క్లాసు ఎగ్గొట్టిన పిల్లాడి గురించి రాసినట్టు. ఆ మూడు మాటలూ ఆ రోజు నుంచి ఆవిడ కడుపులో నిప్పుల్లా ఉన్నాయి. డాక్టరు ఎలా కూలతాడో రోజూ బట్టలుతుకుతూ ఊహించుకునేది. ఒకరోజు గుండె పట్టుకుని కూలేవాడు, ఒకరోజు చేతులు జోడించి కూలేవాడు. చేతులు జోడించేదే ఆవిడకి ఎక్కువ నచ్చేది.

ఆ నిప్పు ఆరకుండా చూసింది వాచీలాయన. చిన్న కొట్టు పెట్టుకుని వాచీలు బాగుచేస్తాడు. తమ్ముడూ అతనూ ఒకే రోజున, ఒకే బల్ల మీద కూర్చుని పరిశోధనలో చేరారు. తమ్ముడు పోయాక ప్రతి ఆదివారం ఆవిడ ఇంటికి వచ్చి కూర్చునేవాడు. "నన్నే నీ తమ్ముడనుకో అక్కా. ఆ డాక్టర్ని మాత్రం వదలకు" అనేవాడు. ఆ భవనంలో పని ఖాళీ ఉందని చెప్పింది అతనే. తనిఖీ రోజున కవర్లన్నీ బీరువాలోంచి బయటికి వస్తాయని చెప్పిందీ అతనే. ఇవాళ కూడా కింద ఆవరణలో, రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుని ఆవిడ కోసం కాచుకుని ఉన్నాడు.

ఆవిడ కవర్ల ట్రే మోసుకొస్తూ నలభై ఒకటో కవరు జేబులో వేసుకుంది. ట్రే లోపలిచ్చి, మెట్ల మీదికి వచ్చి నిలబడింది. పోయిన వారం మనం చూసింది అక్కడిదాకా. ఇప్పుడు ఆవిడ వెనక్కి తిరిగింది. తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వెళ్ళింది.

పెద్ద డాక్టరు గది పొడుగ్గా ఉంటుంది. గోడల నిండా అద్దాల పటాలు, వాటిలో అన్నీ ఆయన ఫొటోలే. పెద్దవాళ్ళతో చేతులు కలుపుతూ, శాలువాలు కప్పించుకుంటూ. బల్లకి ఇవతల తనిఖీ ఆఫీసరు కూర్చుని ఉన్నాడు. సన్నటి ముసలాయన, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. ఎదురుగా పెట్టిన కాఫీ చల్లారిపోయి మీగడ కట్టింది. పొద్దున రాగానే "నాకు కాఫీ వద్దు. కాఫీ తాగితే మొహమాటం వస్తుంది" అన్నాడట. అన్న దగ్గర నుంచి పెద్ద డాక్టరుకి కుర్చీలో కుదురు లేదు. కిటికీ దగ్గర ఫోన్ల నర్సు ఫైళ్ళు పట్టుకుని నిలబడింది. రోగులకి వారం వారం ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కోవడం ఆ అమ్మాయి పని.

"నలభై తర్వాత నలభై రెండు ఉంది. నలభై ఒకటో కవరేదీ?" అంటున్నాడు ఆఫీసరు.

"నా దగ్గరుంది" అంది మాత్రలావిడ.

డాక్టరు తలెత్తాడు. "నీ దగ్గరుండటం ఏమిటమ్మా? నువ్వు మాత్రల గదిలో ఉండాలి కదా. వెళ్ళు, వెళ్ళు, తర్వాత మాట్లాడదాం."

"తర్వాత తర్వాత అని ఒకసారి విన్నాను డాక్టరు గారూ. తొమ్మిది రోజులు విన్నాను. నలభై ఒకటి నా తమ్ముడు. లిఫ్టులు బాగుచేసేవాడు. మీకు ఫోన్ చేసి కవరు తెరవమని ఏడ్చిన మనిషిని నేనే."

డాక్టరు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, గుర్తుపట్టలేక, గుర్తుపట్టినట్టు నటించాడు.

"ఓ... మీరా! అయ్యో, కూర్చోండమ్మా. ఆ అబ్బాయి మధ్యలో రావడం మానేశాడు. మేం చాలా ప్రయత్నించాం. తర్వాత ఏమైందో మీ ఇంటివాళ్ళు మాకు తెలియజేయలేదు. తెలియజేస్తే..."

'నువ్వు' కాస్తా 'మీరు' అవడం ఆవిడ గమనించింది. భలేగా ఉంది ఆ మాట. ఎనిమిది నెలలుగా ఆయన కప్పులు కడిగి పెట్టిన చేతులకి ఇవాళ దొరికింది మర్యాద.

"తెలియజేయలేదా?" అంది. "మళ్ళీ అనండి. ఈ ఆఫీసరు గారు వినేలా అనండి."

"తెలియజేయలేదమ్మా. రికార్డులో ఎక్కడా లేదు."

ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ల నర్సు వైపు తిరిగాడు. "ఫోన్లు రాసుకునే పుస్తకం ఉంటుందా అమ్మాయ్?"

నర్సు డాక్టరు వంక చూడకుండా ఫైళ్ళ అడుగు నుంచి నీలం అట్ట పుస్తకం ఒకటి తీసింది. పేజీ వెతుక్కోనక్కర్లేకపోయింది, వేలు పెట్టిన చోటే తెరుచుకుంది. చిన్న గొంతుతో చదివింది. "నలభై ఒకటి. అక్క ఫోన్ చేసింది. తిండి, నిద్ర లేవు. కవరు తెరవమంటోంది. డాక్టరు గారు వద్దన్నారు." పేజీ తిప్పింది. "నలభై ఒకటి. అక్క ఫోన్ చేసింది. పేషెంటు చనిపోయాడు. డాక్టరు గారికి చెప్పాను."

"చెప్పావా?" అన్నాడు ఆఫీసరు.

"చెప్పాను సార్. ఆయన లంచ్ చేస్తున్నారు. రెండుసార్లు చెప్పాను."

డాక్టరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మాత్రలావిడ రెప్ప వేయకుండా చూస్తూ నిలబడింది. ఇంతకాలం ఊహించుకున్నది కళ్ళముందు జరుగుతుంటే ఒక్క చెమట చుక్క కూడా వదులుకోదలచలేదు.

"మనిషి పోతే ఒక్క రోజులో పైకి తెలియజేయాలి. అది మీకు తెలుసు" అన్నాడు ఆఫీసరు. గొంతు పెంచలేదు. "మానుకున్నాడని రాస్తే మందు మీద మచ్చ పడదు. అదీ మీకు తెలుసు. కలం ఉందా?"

"సార్, మనం విడిగా మాట్లాడుకుందాం..."

"కలం ఉందా అని అడిగాను."

డాక్టరు జేబులోంచి కలం తీశాడు. ఆఫీసరు ఫైలు తెరిచి ఆయన ముందుకు తోశాడు. "ఆ మాటలు కొట్టేయండి. చెరపకండి, కింద రాసింది కనబడాలి. పక్కన రాయండి, చనిపోయాడని. ఎలా పోయాడో, ఏ తేదీనో రాయండి. సంతకం పెట్టండి."

డాక్టరు కలం కాగితం మీద ఆగిపోయింది. "తేదీ..." అన్నాడు.

"నేను చెబుతాను, రాసుకోండి" అంది మాత్రలావిడ. అడుగు ముందుకేసి, బల్ల అంచు పట్టుకుని, చిన్న పిల్లలకి డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది. రోజు, నెల, వారం, పొద్దున ఎన్ని గంటలకి చూశారో, ఎవరు చూశారో అన్నీ. డాక్టరు వంచిన తల ఎత్తకుండా రాశాడు. ఆవిడకి ఆయన నడినెత్తి మీద పలచబడ్డ జుట్టు కనిపించింది. చేతులు జోడించకపోయినా, ఇదీ బాగానే ఉందనిపించింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పగ పట్టిన మనిషికి సగంలో ఆగడం తెలియదు. జేబులో కవరు ఇంకా అలాగే ఉంది.

"ఇప్పుడు ఇది కూడా తెరుద్దాం" అంటూ తీసి బల్ల మీద పెట్టింది. "మా వాడికి సుద్దముక్కలు మింగించి పరీక్ష చేశారని ఇందులో ఉంది. అది కూడా ఈయనే చదవాలి. నాకు వినాలనుంది."

ఆఫీసరు కవరు అటూ ఇటూ తిప్పి, అంటింపు చెదరలేదని చూసుకుని, పేపరు కత్తితో కోశాడు. చీటీ తీసి, తను చదివి డాక్టరుకి ఇచ్చాడు.

డాక్టరు చదివాడు. ఆ మొహంలోకి నెత్తురు తిరిగి రావడం ఆవిడకి కనబడింది. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"అసలు మందు" అన్నాడు. "చూడండమ్మా. మీ తమ్ముడికి పడింది అసలు మందు! మీరేమో ఇన్నాళ్ళు నన్ను... పోనీలెండి. బాధలో ఉన్నారు, నేనర్థం చేసుకోగలను. కవరు తెరిచినా మేం చేయగలిగింది ఏమీ లేదు. మందు వాడికి పని చేయలేదు, అంతే."

పద్నాలుగు నెలలుగా ఆవిడ పగంతా ఒకే ఒక్క మాట మీద నిలబడి ఉంది. తమ్ముడికి ఉత్త మాత్ర పడిందన్న మాట మీద. ఆ మాటే ఇప్పుడు అబద్ధమైపోయింది. కుర్చీ కోసం తడుముకుంది. నర్సు వచ్చి భుజం పట్టుకుంది. ఆ అమ్మాయి అరచేతులు తడిగా, చల్లగా ఉన్నాయి.

"తొందరపడకండి డాక్టరు గారూ" అన్నాడు ఆఫీసరు. "ఆ రోజు కవరు తెరిచి ఉంటే ఇదే చీటీ కనబడేది. అవునా? మందు వేసుకుంటున్నవాడికి తగ్గకపోగా ఎందుకు ముదురుతోందని మీకు అనుమానం వచ్చేది. పిలిచి అడిగేవారు. రక్తం తీసి, మందు ఒంట్లో ఉందో లేదో చూసేవారు. చూశారా?"

"రక్తం పరీక్షలన్నీ చివర్లో ఒకేసారి చేద్దామని..."

"చివరిదాకా మీరున్నారు. అతను లేడు." ఆఫీసరు మాత్రలావిడ వైపు తిరిగాడు. ఈసారి గొంతు కాస్త మెత్తబడింది. "అమ్మా, ఖాళీ స్ట్రిప్పులు మీ గదిలోనే ఉంటాయి కదా. నలభై ఒకటి సంచీ తెప్పించగలరా? వేసుకున్నాడో లేదో చూద్దాం."

"నేనే తెస్తాను" అంటూ లేచింది.

ఆ గదిలో పని ఎలాగుంటుందో ఇక్కడ చెప్పాలి. రోగులు రెండు వారాలకోసారి వచ్చి పద్నాలుగు మాత్రల స్ట్రిప్పు ఒకటి పట్టుకెళతారు. మళ్ళీ వచ్చినప్పుడు ఖాళీ స్ట్రిప్పు తిరిగివ్వాలి. వెనక గదిలో వాళ్ళు ఖాళీ గుంటలు లెక్కపెట్టి, పద్నాలుగూ ఖాళీ అయితే "పూర్తిగా వాడారు" అని టిక్కు పెట్టి సంచీలో వేస్తారు. రోజుకి నలభై యాభై మంది. గుంటలు లెక్కపెట్టేవాళ్ళు స్ట్రిప్పు తిరగేసి చూడరు. తిరగేస్తే వెనకవైపు ప్రతి గుంట కిందా చిన్న అచ్చులో నంబరు ఉంటుంది. ఎవరి స్ట్రిప్పు మీద వాళ్ళ నంబరు. అది చూడాలని ఆవిడకి ముందు పనిచేసినామె చెప్పలేదు. ఈవిడకీ తోచలేదు. పాత సంచీలన్నీ అట్టపెట్టెల్లో పెట్టి సీలు వేసి ఉన్నాయి, తనిఖీ ఆఫీసరు వస్తే తప్ప తెరవడానికి లేదు.

పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆఫీసరు సీలు కోశాడు. నలభై ఒకటో సంచీ ఆవిడ చేతికే ఇచ్చాడు. తమ్ముడి వేళ్ళు తగిలిన రేకులవి. ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి, అలవాటు కొద్దీ గుంటలు లెక్కపెట్టింది.

"నూట ఇరవై ఆరు. తొమ్మిది స్ట్రిప్పులకీ సరిపోయింది. మొత్తం వాడాడు" అంది.

"చెప్పానా!" అన్నాడు డాక్టరు.

ఆవిడకి ఆ మాట చెవిన పడలేదు. బల్ల మీద ఉన్నవి తొమ్మిది రేకులు కావు. పదహారు. అందులో పద్నాలుగు, ఎవరో స్ట్రిప్పుల్ని నడిమికి నీటుగా కత్తిరించగా వచ్చిన ఏడేసి గుంటల ముక్కలు. రెండు మాత్రమే నిండు స్ట్రిప్పులు. ఒక ముక్క తిరగేసింది. నలభై ఒకటి. ఇంకోటి తిరగేసింది. నలభై రెండు. ఇంకోటి. నలభై రెండు. ఇంకోటి. నలభై ఒకటి.

"నలభై రెండో సంచీ ఇవ్వండి" అంది. అడిగినట్టు లేదు, ఆజ్ఞాపించినట్టు ఉంది. ఆఫీసరు వెంటనే ఇచ్చాడు.

అందులోనూ అంతే. సగం ముక్కలు. ఇక్కడి ముక్కకి అక్కడి ముక్క ఆనిస్తే అంచులు అతికినట్టు కలిశాయి. ఆఫీసరు ముందుకు వంగి, పెన్సిలుతో ముక్కలు జరిపి చూసి, మొదటిసారిగా కుర్చీలో వెనక్కి వాలాడు.

"సగం సగం పంచుకున్నారు" అన్నాడు. "ఇద్దరిలో ఎవరిది మందో తెలియదు కదా. ఒకరికి అంతా ఉత్తది పడటం కంటే, ఇద్దరికీ సగం మందు పడటం మేలనుకున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి విన్నాను ఇలాంటిది. చూడటం ఇదే."

నలభై రెండో కవరు కోశాడు. చీటీ బల్ల మీద పెట్టాడు. ఉత్త మాత్ర.

అయితే తమ్ముడు తన మందులో సగం ఒకడికి పెట్టాడు. ఆ సగంతో కూడా ఆగలేదు. ఆవిడ నిండు స్ట్రిప్పులు రెండూ చేతిలోకి తీసుకుంది. మీద రాసిన తేదీల ప్రకారం తమ్ముడు పోయే ముందు నెల రోజులవి. వెనక్కి తిప్పింది. రెండింటి మీదా నలభై రెండు. నలభై రెండో సంచీలో అదే నెల నిండు స్ట్రిప్పులు రెండూ వెతికి తిప్పింది. రెండింటి మీదా నలభై ఒకటి.

ఆఖరి నెలంతా తమ్ముడి నోట్లో పడ్డది ఉత్త మాత్రే. మందంతా ఆ రెండోవాడు తిన్నాడు.

"ఈ నలభై రెండు ఎవరు?" అన్నాడు ఆఫీసరు ఫైలు కోసం చెయ్యి చాస్తూ. "బతికే ఉన్నాడా? ఎక్కడుంటాడో కనుక్కోవాలి."

"ఎందుకు సార్ ఇప్పుడు?" అంది ఫోన్ల నర్సు గబుక్కున. "ఆయన కోర్సు ఎప్పుడో అయిపోయింది. ఊళ్ళో ఉన్నాడో లేడో కూడా..."

"ఉన్నాడు" అంది మాత్రలావిడ. రెండు నిండు స్ట్రిప్పులూ పిడికిట్లో బిగించింది. "కిందే ఉన్నాడు. నేను పిలుచుకొస్తాను."

మూడంతస్తులూ దిగడానికి ఆవిడకి లిఫ్టు గుర్తు రాలేదు. మెట్ల మీద అడుగడుగుకీ ఒక్కో ఆదివారం గుర్తొచ్చింది. అతను వచ్చి తమ్ముడి కుర్చీలోనే కూర్చునేవాడు. ఆవిడే కూర్చోమనేది.

మిట్టమధ్యాహ్నం ఎండ ఆవరణంతా పరుచుకుని ఉంది. బల్ల మీద మరో నలుగురైదుగురు రోగులు కునికిపాట్లు పడుతున్నారు. వాచీలాయన చివర కూర్చుని, ఎవరిదో చేతి గడియారం వెనక మూత తీసి, చిన్న స్క్రూ బిగిస్తున్నాడు. చేతులు రాయిలా నిలకడగా ఉన్నాయి. చేరిన కొత్తలో ఇవే చేతులు తాగుడుకి ఎంతలా వణికేవంటే, సొంత కొట్టుకి తాళం కూడా వేసుకోలేకపోయేవాడు. ఆవిణ్ణి చూసి మొహమంతా విప్పార్చుకుని లేచాడు.

"అయిందా అక్కా? ఎలా పెట్టాడు మొహం? ఏడ్చాడా?"

"చెయ్యి చూపించు" అంది ఆవిడ.

"ఏంటి?"

"చెయ్యి చాపు."

నవ్వుతూ చాపాడు. అరచేతిలో రెండు స్ట్రిప్పులూ పెట్టింది. అతను చూశాడు. వెంటనే తిరగేయలేదు. తిరగేయకపోవడమే చాలనిపించింది ఆవిడకి. తెలియనివాడైతే తిరగేసి చూసేవాడు.

"ఈ చెయ్యి మా వాడిది. నీ దగ్గర ఉందంతే" అంది.

"అక్కా, అది... చేరిన రోజే ఒప్పుకున్నాం. ఇక్కడే, ఈ బల్ల మీదే. సగం సగం అని వాడే అన్నాడు. ఒట్టు. నేను అడగలేదు."

"ఆ సగం గురించి నేనూ అడగట్లేదు. వాడు అలాంటివాడే. చిన్నప్పుడు పెన్సిలు కూడా విరిచి పంచేవాడు. ఈ రెండింటి సంగతి చెప్పు. ఇవి సగాలు కావు."

వాచీలాయన చుట్టూ చూశాడు. పక్కనున్న ముసలాయన ఒకడు కునుకు మాని చెవులు రిక్కించాడు.

"ఇక్కడ వద్దక్కా. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"నా ఇంట్లో నువ్విక అడుగు పెట్టవు. ఇక్కడే చెప్పు. ఆదివారం ఆదివారం వచ్చి డాక్టరు డాక్టరు అని నా చెవిలో నూరిపోశావే! నా మొహం అటు తిప్పి నువ్విటు చల్లగా కూర్చున్నావు. ఇప్పుడు నోరెందుకు పడిపోయింది? వాడి చేత ఇవి ఎలా మింగించావు?"

అతను గొంతు బాగా తగ్గించి, కాళ్ళ వంక చూస్తూ చెప్పాడు.

"నీది ఉత్తదిరా, నాది మందు అని చెప్పాను. నాకు నయంగానే ఉంది, నీకే ముదిరింది, ఇకనుంచి సగం వద్దు, నాది మొత్తం నువ్వే తీసుకో, నీది నాకిచ్చెయ్ అన్నాను."

"వాడేమన్నాడు?"

"అక్కా..."

"వాడేమన్నాడు!"

"నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. నా కోసం ఇంత చేస్తున్నావా అన్నాడు. నీ రుణం తీర్చుకోలేనన్నాడు."

మాత్రలావిడ చెంప మీద కొడదామని చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కొడితే అయిపోతుంది. అయిపోవడం ఆవిడకి ఇష్టం లేదు. పైన డాక్టరు పడ్డ అవమానం వీడికి సరిపోదు. ఎంతైతే సరిపోతుందో ఇంకా తెలియదు. ఆ తెలియకపోవడం లోపలెక్కడో చల్లగా, గట్టిగా తగిలింది. చెయ్యి నెమ్మదిగా దించింది.

దించాక ఒక అనుమానం వచ్చింది. వచ్చాక, ఇంతసేపూ ఎందుకు రాలేదా అనిపించింది.

"డాక్టరుకే తెలియదు ఏది మందో" అంది. "కవర్లు ఇవాళ్టిదాకా ఎవరూ చించలేదు. నా కళ్ళముందు చించారు. మరి నీకెలా తెలిసింది వాడిదే మందని?"

వాచీలాయన స్ట్రిప్పులు బల్ల మీద పెట్టేశాడు.

"ఊహించావా?"

"ఊహించి ప్రాణాలతో ఆడుకుంటానా అక్కా? నాకు చెప్పారు. మందుల పెట్టెలు వచ్చినప్పుడు వాటితో పాటు ఒక జాబితా వస్తుందట. అది చూసినవాళ్ళు చెప్పారు. నామీద జాలిపడి చెప్పారు. జాలి ఒక్కటే కాదులే..."

"ఎవరు?"

అతను ఆవిడ భుజం మీదుగా వెనక మెట్ల వైపు చూశాడు. ఆ చూపు ఎలాంటిదో ఆవిడకి తెలుసు. కట్టుకున్నవాళ్ళనో, కట్టుకోబోయేవాళ్ళనో చూసే చూపు.

వెనక నుంచి పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. ఆయాసపడుతున్న ఆడగొంతు. "ఏమీ చెప్పకు! ఆవిడతో ఒక్క మాట కూడా మాట్లాడకు!"

మాత్రలావిడ వెనక్కి తిరిగింది. నీలం అట్ట పుస్తకం గుండెలకి అదుముకుని, మెట్ల చివర ఫోన్ల నర్సు నిలబడి ఉంది.

ఇక్కడ ఆపు మనవరాలా. గొంతెండిపోయింది. పోస్టు చేసేముందు ఇది మీ చిన్న మామయ్యకి ఫోన్లో చదివి వినిపించు. వాడూ తాగుడు మానడానికి ఇలాంటి పరిశోధనలోనే చేరి, మాత్రలు మొదలుపెట్టి మూడు నెలలైంది కదా. నేను చదవమన్నానని చెప్పకు. వాచీలాయన మాట్లాడే చోట మాత్రం నిదానంగా చదువు, వాడు మధ్యలో ఏమైనా అంటే ఆగి విను.